కబురు ఎవరి చేతికి?

(పందొమ్మిదో శతాబ్దపు గోదావరి డెల్టాలో ఇంటి వార్తలు, ఊరి వార్తలు: మాస్టారి స్మారకోపన్యాసం పాఠం)



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ఈసారి నన్ను మాట్లాడమన్నారు. ఇక్కడున్నవాళ్లలో సగం మందికి ఆయన అక్షరాలు దిద్దించారు. మిగతా సగం మంది అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఉత్తరాలు రాసిపెట్టారు. కాబట్టి మాస్టారు అంటే చాలు, ఇంటిపేరుతో పనిలేదు. దండ వేయబోతే "ఆ పూలు గుళ్లో ఇచ్చిరా" అనే మనిషి. ఆయన్ని పొగిడి విసిగించను. ఆయనకు ఇష్టమైన సంగతే మాట్లాడతాను.

మాస్టారి వీధరుగు మీద, తలుపు పక్కన గోడకు ఒక ఇనపతీగ వేలాడుతూ ఉండేది. కింద చెక్కబిళ్ల, పైన కొక్కెం. వచ్చిన ప్రతి ఉత్తరమూ చదివాక దానికి గుచ్చేసేవారు. అలాంటిది మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఆ తీగను చూస్తూ చూస్తూ ఉండగా నాకో ప్రశ్న పుట్టింది. కార్డూ కవరూ రాని రోజుల్లో మన డెల్టాలో ఒక ఇంటి కబురు మరో ఇంటికి ఎలా చేరేది? చేరాక ఎవరి చేతిలో పడేది? మొదటి ప్రశ్నకు చరిత్ర పుస్తకాల్లో కొంత దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ సాయంత్రం నా గొడవంతా దాని గురించే.

ముందు మాటల సంగతి చూడండి. ఉత్తరం అంటే సంస్కృతంలో జవాబు. జాబు అన్నా అదే. అరబ్బీ జవాబు ఉర్దూ మీదుగా మనదాకా వచ్చేసరికి మధ్యలో ఒక అక్షరం పారేసుకుంది. కబురు కూడా అరబ్బీ వాళ్ల ఖబరే. అంటే మనం ఎవరికైనా ఉత్తరం రాసినా, జాబు రాసినా, మాట ప్రకారం జవాబే చెబుతున్నాం. ముందుగా అడిగిన ప్రశ్నకు పేరు లేదు. లేఖ, కమ్మ ఉన్నాయిగాని అవి రాజులూ కావ్యనాయికలూ వాడుకున్నవి. మన ఇళ్లలో ఎవరూ "కమ్మ వచ్చింది" అనగా నేను వినలేదు. ఈ జవాబు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. కోనసీమలో దూరాన్ని కోసుల్లో కాదు, పాయల్లో లెక్కవేసేవారు. "పిల్లని ఎక్కడిచ్చారు?" అంటే "రెండు పాయలు దాటించి ఇచ్చారు" అనేవారు. ఆ ఒక్కమాటతో సంవత్సరానికి ఎన్నిసార్లు పుట్టింటికి వస్తుందో తెలిసిపోయేది. ఎర్రనీళ్లు దిగి రేవు కట్టేశారంటే మనుషులతో పాటు కబురు కూడా ఒడ్డునే కూర్చునేది.

టపా లేని కాలంలో కబురుకు కాళ్లుండేవి. ఆడపిల్ల ఇంటికి కావిడి వెళ్లేది. ఒక బుట్టలో అరిసెలు, ఒక బుట్టలో సున్నుండలు, మోసే మనిషి నోట్లో నాలుగు మాటలు. బుట్టలు దింపాక అసలు పని మొదలయ్యేది. అమ్మ చిక్కిందా? గేదె ఈనిందా? తమ్ముడికి ఒడుగు ఎప్పుడు? అతను చూసింది చెప్పేవాడు, చూడంది కల్పించేవాడు, తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడి సంగతులు అక్కడికి మోసుకెళ్లేవాడు. నోటి కబురులో ఉన్న సుఖం అదే. ఎదురు ప్రశ్న వేయవచ్చు.

ఇంకో మనిషి గాజులవాడు. మలారం భుజాన వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. కొత్తకోడలు పరాయి మగవాడితో మాట్లాడకూడదన్న ఇంట్లో కూడా, గాజు ఎక్కించుకునేంతసేపు అతని ఎదుట కూర్చుని మాట్లాడవచ్చు. చెయ్యి అతని చేతిలో ఉంటుంది, అత్తగారు వసారాలోనే ఉంటుంది, అయినా నాలుగు మాటలు సాగేవి. "మా ఊరు ఎప్పుడు వెళ్తావు?" అన్న ఒక్క ప్రశ్నలో ఆ పిల్ల ఎంత చెప్పాలో అంతా చెప్పేది. పుట్టింటి వీధిలో అతను మలారం దింపి "మీ అమ్మాయి చెయ్యి సన్నబడిందమ్మా, కిందటేటి కొలత గాజులు వదులయ్యాయి" అంటే తల్లికి అంతకంటే పెద్ద ఉత్తరం ఏం కావాలి?

ఊరి కబురు తలారి చాటింపుతో వచ్చేది. వంశాల సంగతులు భట్రాజుల నోట్లో, పిచ్చుకుంట్లవాళ్ల నోట్లో ఉండేవి. శుభవార్తకైనా అశుభవార్తకైనా చాకలినో మంగలినో పంపేవారు. చావు కబురు తెచ్చినవాడు గుమ్మం లోపలికి వచ్చేవాడు కాదు. వాకిట్లోనే నిలబడి ముందు మంచినీళ్లు అడిగి, తరవాత వానల సంగతి ఎత్తి, అప్పుడు అసలు మాట చెప్పేవాడు. చావు కబురు చల్లగా చెప్పాడని మనం వెక్కిరింపుగా అంటాం గాని, నా దృష్టిలో అది అతని వృత్తిధర్మం.

కబురు ఆలస్యంగా వస్తుందని మన ధర్మశాస్త్రాలకు ముందే తెలుసు. దూరదేశంలో దాయాది పోతే, పది రోజుల లోపు తెలిస్తే మిగిలిన రోజులే మైల. పది రోజులు దాటాక తెలిస్తే మూడు రాత్రులు. ఏడాది దాటితే స్నానం చేస్తే సరి. మనుస్మృతి చెప్పిన లెక్క ఇది. కన్నవాళ్ల విషయంలో కొడుకులకు వేరే లెక్కలు చెప్పిన పెద్దలున్నారు, ఆ చర్చలోకి ఇప్పుడు పోను. దుఃఖం కూడా కబురుతో పాటే అరుగుతుందని శాస్త్రం ఒప్పుకున్నట్టే కదా ఇది. మనిషి ఆచూకీ బొత్తిగా లేకపోతే పన్నెండేళ్లు చూసి దర్భబొమ్మ చేసి కర్మ చేసేవారు. పన్నెండేళ్లంటే మనకు పుష్కరం. ఒక పుష్కరంలో కాశీకి బయలుదేరినవాడి కోసం మళ్లీ పుష్కరం దాకా ఎదురుచూసేవారన్నమాట.

కాశీ అంటే ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. వెళ్లేటప్పుడు హైదరాబాదు, నాగపూరు దారి, వచ్చేటప్పుడు కలకత్తా నుంచి కోస్తా వెంట మన జిల్లాల మీదుగా. దారి పొడుగునా చూసిందంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూ వచ్చారు. ఆ రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయ్యాయి. అప్పటికి వీరాస్వామయ్య లేరు. దాన్ని యాత్రాగ్రంథమని అందరూ అంటారు. నాకు మాత్రం అది ఉత్తరాల కట్టలాగే కనిపిస్తుంది. ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఎక్కడ బ్రాహ్మణుల ఇళ్లున్నాయి, ఇవన్నీ ఇంటి దగ్గర ఉన్నవాడికి రాసే సంగతులే. సర్కారులో పలుకుబడీ చేతిలో డబ్బూ ఉన్న మనిషి కాబట్టి ఆయన కబురు చెన్నపట్నం చేరింది. అదే దారిన కాలినడకన పోయిన వేలమంది ఇళ్లకు ఏం చేరిందో ఊహించుకోండి.

ఆ కాలంలో టపా కంపెనీ దొరల కాగితాల కోసం పుట్టింది. 1837 చట్టంతో జనం ఉత్తరాలు కూడా సర్కారు టపాలోనే పోవాలన్నారు గాని కూలి మైళ్లనుబట్టి ఉండేది. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరానికి రూపాయి! రూపాయి పెట్టి క్షేమం కనుక్కునేవాడు మన వీధుల్లో ఎవడు? 1836లో వచ్చి నరసాపురం వైపు స్థిరపడిన బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీల తిప్పలూ తక్కువవి కావు. ఆఫ్రికా చుట్టి వచ్చే ఓడలో ఇంటి ఉత్తరం నెలల తరబడి వచ్చేది. పుట్టిన బిడ్డ కబురు అందేసరికి ఆ బిడ్డ కూర్చోవడం నేర్చుకుని ఉండేది.

మార్పు 1854 అక్టోబరు 1న వచ్చింది. పావు తులం ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర్ధణా. కొవ్వూరుకైనా కాశీకైనా ఒకటే బిళ్ల. బిళ్ల అంటించకుండా వేస్తే అందుకున్నవాడు రెట్టింపు కట్టాలి. దాన్నే బేరంగు ఉత్తరం అన్నారు. మనవాళ్లు చాలాకాలం కావాలనే బేరంగు వేసేవారు. డబ్బు ముందే కట్టేస్తే టపావాడు ఎందుకు శ్రద్ధగా తెస్తాడని వాళ్ల అనుమానం. డబ్బు రావాలంటే వాడు ఇల్లు వెతుక్కుంటూ రాక తప్పదు. తెలివితక్కువతనమని నవ్వేవాళ్లు నవ్వుకోండి గాని, సర్కారు గురించి ఆ అంచనా మరీ అంత తప్పేం కాదు.

దానికి రెండేళ్ల ముందే, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన పని. ఆనకట్టను మనం పంటల లెక్కలోనే చెప్పుకుంటాం. కాలవలు నీళ్లతో పాటు పడవల్నీ మోశాయి. రాజమండ్రి వైపు నుంచి కాకినాడకూ, నరసాపురానికీ, ఏలూరుకూ రాదారి పడవలు నడిచాయి. గట్టు మీద మనుషులు తాడు లాగుతుంటే పడవ రాత్రంతా సాగేది. లాకుల దగ్గర నీళ్లు సమం అయ్యేదాకా ఆగాలి. ఆ ఆగినంతసేపూ డెల్టా అంతటి కబుర్లూ అక్కడ చేతులు మారేవి. ఎవరి పిల్లకు ఎంత కట్నం, ఏ ఊళ్లో మశూచి, ఎవరి కేసు కాకినాడలో ఏమైంది, అన్నీ. నన్నడిగితే మన మొదటి వార్తాపత్రికలు లాకులే. చందా కట్టక్కర్లేదు.

ఇక రంగం. రంగూన్‌ని మనవాళ్లు రంగం అన్నారు. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక, వరి మిల్లుల్లో పనికీ రేవుల్లో కూలికీ కాకినాడ నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లకు లెక్కలేదు. అక్కడ మనవాళ్ల పేరు కొరంగీలు. కోరంగి రేవు పేరు మనిషికి అంటుకుంది. ఆ కోరంగిని 1839 నవంబరు 25న తుపాను ముంచేసింది, ఓడల రాకపోకలు మెల్లగా కాకినాడకు మళ్లాయి. కానీ రేవు పోయినా పేరు సముద్రం దాటి బతికింది. ఈ కూలీలకు ఉత్తరం రాయడం రాదు. వాళ్ల కబురు మేస్త్రీ. కూలీల్ని తీసుకెళ్లినవాడూ అతనే, డబ్బు తెచ్చేవాడూ అతనే, "మీవాడు బాగానే ఉన్నాడు" అని చెప్పేవాడూ అతనే. బాగా లేకపోతే చెప్పడంలో అతనికి లాభం లేదు. 1880లో టపాకచేరీలు మనియార్డరు మొదలుపెట్టాక ఆ కాగితం అడుగున ఉన్న కాస్త జాగాలో రెండు ముక్కలు రాయించవచ్చు. ఎన్నో ఇళ్లలో రంగం నుంచి వచ్చిన మొదటి ఉత్తరం మనియార్డరే అయివుంటుంది.

1879లో పావు అణా కార్డు వచ్చింది. దొరలు కొందరు మొహం చిట్లించారట, ఎవరైనా చదివేస్తారని. మన ఊళ్లలో ఎవరైనా చదవాలనే కదా అసలు కోరిక! టపావాడు అరుగు మీద కూర్చుని కార్డు చదివిపెట్టేవాడు, జవాబు రాసిపెట్టేవాడు. వీధంతా వినేది.

ఇక్కడ మా తాతమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆవిడ పుట్టిల్లు ముమ్మిడివరం వైపు, అత్తిల్లు పాలకొల్లు దగ్గర. మధ్యలో వైనతేయ, వసిష్ఠ. పెళ్లయింది పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో. 1960ల్లో నాకు ఊహ తెలిసేసరికి ఆవిడకు ఎనభై దాటాయి. చదువు లేదు. ఒకసారి నేను కవరు చింపి ఉత్తరం తీస్తుంటే ఆవిడ దూరంగా జరిగి కూర్చుంది. ఎందుకని అడిగితే చెప్పింది.

పెళ్లయిన నాలుగైదేళ్లకు శ్రావణమాసంలో ఆవిడ తల్లి పోయింది. గోదారి పోటుమీదుంది. మనిషిని పంపడానికి రేవు లేదు. తండ్రి అల్లుడి పేరున కవరు వేయించాడు. అది ఎలాగో నాలుగో రోజుకు చేరింది కూడా. అల్లుడు కోర్టు పనిమీద ఏలూరులో ఉన్నాడు. మగవాడి పేరున వచ్చిన కవరు చింపడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు, చింపినా చదివేవాళ్లు లేరు. భద్రంగా తెచ్చి గూట్లో పెట్టారు. పెట్టింది తాతమ్మే. ఆయన పన్నెండో రోజున వచ్చాడు. "శుక్రవారం నోము పట్టుకున్నాను. పూలు పెట్టుకున్నాను. పక్కింటి పేరంటానికి వెళ్లి పాట పాడాను. ఆ కాగితం గూట్లోనే ఉంది" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ఏడవలేదు. అరవై ఏళ్లయింది కదా. ఆఖర్న ఒక మాట అంది: "కార్డు ముక్క అయితే టపావాడు చదివేవాడు. గాజులవాడైతే నాకే చెప్పేవాడు."

టపా వచ్చింది, కాలవలు వచ్చాయి, తంతి వచ్చింది, కబురు వేగం పెరిగిందని మనం రాసుకున్నాం. వేగం పెరిగిన మాట నిజమే. కానీ నోటి కబురు ఎవరికోసం వచ్చిందో వాళ్ల చెవిలోనే పడేది. కవరు ఎవరి పేరున ఉంటే వాళ్ల చేతిలో పడింది. పేర్లన్నీ మగవాళ్లవి. ఆడవాళ్ల విషయంలో కబురు పందొమ్మిదో శతాబ్దంలో ఒక అడుగు వెనక్కి వేసిందని నా అభిప్రాయం. పండితులు ఒప్పుకోకపోవచ్చు. తాతమ్మ ఒప్పుకుంటుంది.

ఆ రోజుల్లో పెళ్లాం తరఫున మొగుడే మామగారికి రాసేవాడు. ఉభయకుశలోపరి, మీ అమ్మాయి క్షేమం, మీ క్షేమం తెలియజేయగలరు. ఆ అమ్మాయి క్షేమంగా ఉందో లేదో ఆ అమ్మాయిని అడిగి రాశాడా? జాబంటే జవాబని మొదట్లో చెప్పాను. ఆ పిల్ల అడగని ప్రశ్నకు, ఆ పిల్ల చెప్పని జవాబు.

ఊరి వార్త అచ్చెక్కిన సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. కందుకూరి వీరేశలింగం గారు 1874 అక్టోబరులో వివేకవర్ధని మొదలుపెట్టారు. తొలి రోజుల్లో అది చెన్నపట్నంలో అచ్చయ్యేది. అంటే రాజమండ్రి కోర్టులో ఎవరు లంచం తిన్నారన్న సంగతి చెన్నపట్నం దాకా పోయి, సీసపు అక్షరాలు తగిలించుకుని, టపాలో మళ్లీ రాజమండ్రి వచ్చేది. లాకుల దగ్గర అందరికీ తెలిసిన విషయమే. అచ్చులో చూసేసరికి మాత్రం అధికారులకు చెమటలు పట్టాయి. తరవాత ఆయన రాజమండ్రిలోనే సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆ కబురు పడవల్లో, టపాలో, నోటివెంట ఒకేసారి పోయింది. శుభలేఖ అందినవాళ్లకంటే వెలివేత కబురు అందినవాళ్లే ఎక్కువేమో. మన రాజమండ్రి న్యాయపతి సుబ్బారావు పంతులు గారు కూడా విద్యార్థిగా చెన్నపట్నంలో ఉన్నప్పుడే, 1878లో, హిందూ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురిలో ఒకరు. ఇవన్నీ మీకు తెలిసినవే.

నాకు వీటన్నిటికంటే పెద్దదిగా కనిపించేది వేరు. వివేకవర్ధని పుట్టిన ఆ 1874లోనే వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1883లో ఆడవాళ్ల కోసమే సతీహిత బోధిని తెచ్చారు. 1902లో ఏలూరు నుంచి హిందూ సుందరి వచ్చింది, కొన్నాళ్లకు దానికి ఆడవాళ్లే సంపాదకులయ్యారు. ఆనకట్టకు విగ్రహాలున్నాయి, గోదావరి మీద 1900లో తెరిచిన రైలువంతెనకు పాట్లు పడి ఫొటోలు తీసుకుంటాం. అంతకుముందు చెన్నపట్నం టపా కొవ్వూరులో దిగి పడవెక్కేదని కథలుగా చెప్పుకుంటాం. కానీ ధవళేశ్వరం బడిలో పలక పట్టిన పిల్ల, పెళ్లయ్యాక తన చేత్తో "అమ్మకు" అని మొదలుపెట్టి రాసిన మొదటి ఉత్తరం దొరికితే, నేను దాన్ని ఆ వంతెన పక్కన పెడతాను.

మాస్టారు ఉత్తరాలు రాసిపెట్టేటప్పుడు ఒక పద్ధతి పాటించేవారు. చెప్పించుకున్నది రాసి, మళ్లీ గట్టిగా చదివి వినిపించి, "ఇందులో నువ్వు చెప్పనిది ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగేవారు. ఉందంటే కొట్టేసేవారు. ఉభయకుశలోపరి కూడా వాళ్లు చెబితేనే రాసేవారు. ఒకావిడ "బావగారూ, నేను కులాసాగా లేను, అలాగే రాయండి" అందనీ, అలాగే రాశాననీ నాతో ఆయనే అన్నారు. ఆవిడ ఎవరో చెప్పలేదు.

సంక్రాంతి దగ్గరికొస్తోంది. భోగినాడు అటకలు దులుపుతారు, పాతవన్నీ మంటలో వేస్తారు. విరిగిన కుర్చీలు వేయండి, చిరిగిన చాపలు వేయండి. అటక మీద ఉత్తరాల తీగ కనబడితే మాత్రం ఆగండి. కొక్కెం విప్పి ఒక్కొక్క కార్డూ తీసి చూడండి. ఆడవాళ్ల చేతిరాత ఉన్నవి విడిగా పెట్టండి. వాటికోసం నేను మీ ఇంటికి వస్తాను. ఫోన్లో కబురు పెడితే చాలు, రెండు పాయలు దాటైనా వస్తాను.